పాత బట్టల కుట్లు విప్పి కొత్తవి కుట్టుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఏ ఇంట్లో బీరువా తెరిచినా కట్టని చీరలు, వేసుకోని చొక్కాలు ఒక అర నిండా ఉంటాయి. వాటిని కొత్తగా కుట్టుకుందామనుకునేవాళ్లు అడిగే సందేహాలు దాదాపు అవే. అందుకే ఒకచోట చేర్చాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. కొలతలు అంగుళాల్లో, గుడ్డ పొడవు మీటర్లలో ఇచ్చాం.

## కత్తెర పెట్టకముందు

చీర పాతదైపోయింది. కుట్టేదానికి పనికొస్తుందో లేదో ఎట్లా తెలుస్తుంది?

రెండు పరీక్షలు చాలు. పగటిపూట కిటికీకి అడ్డంగా పట్టి చూడండి. నేత పలచబడినచోట వెలుతురు తెల్లటి మరకలా కనిపిస్తుంది. తర్వాత రెండు బొటనవేళ్లూ అంగుళం ఎడంగా ఆనించి గుడ్డని గట్టిగా లాగండి. ముందు నిలువుకి, ఆ తర్వాత అడ్డానికి. చిటచిటమన్నా, దారాలు జరిగి సందు పడినా ఆ భాగం పనికిరాదు.

ఒక్కచోట చూసి చీర మొత్తానికి తీర్పు చెప్పొద్దు. కింది అంచు కాలికి రాసుకుని అరుగుతుంది. నడుము దగ్గర చెమటకి బలం పోతుంది. భుజం మీద పిన్ను పెట్టినచోట చిల్లులు ఉంటాయి. లోపలికి దోపుకునే మొదటి గజం మాత్రం ఎండ తగలక రంగు కూడా చెదరకుండా ఉంటుంది. కనీసం ఆరుచోట్ల లాగి చూసి, పోయిన భాగాల చుట్టూ సుద్దతో గీత గీయండి. మిగిలిందే మీ గుడ్డ. ఆ గుడ్డ ఎంతుందో కొలిచాకే ఏం కుట్టాలో ఆలోచించండి. ముందు మోడల్ అనుకుని తర్వాత గుడ్డ వెతికేవాళ్లకే సగం పనిలో ముక్క చాలదు.

చొక్కా, ప్యాంటు, పంచెల్లో ఏ భాగం బలంగా ఉంటుంది?

చొక్కాలో కాలరు మడత, కఫ్ అంచు, మోచెయ్యి, చంకలు ముందు పోతాయి. వీపు, ముందుభాగంలో జేబు కింది నుంచి ఉన్న గుడ్డ బాగుంటుంది. జీన్సులో తొడల లోపలివైపు, మోకాళ్లు అరుగుతాయి. మోకాలి కింద వెనకవైపు దాదాపు కొత్తగానే ఉంటుంది. పంచెలో ఎప్పుడూ ఒకే మడత మీద ఇస్త్రీ చేస్తారు కాబట్టి ఆ గీత వెంబడి చీలుతుంది. చుడీదార్ టాపుల్లో చంకలు, పక్క చీలిక పైకొస దగ్గర చూడండి.

ఇది నూలా, పాలిస్టరా, పట్టా అని తేలడం లేదు. ఎట్లా కనుక్కోవాలి?

లోపలి కుట్టు మార్జిన్ నుంచి నాలుగు దారాలు లాగి, చిమటాతో పట్టుకుని, నీళ్లు పోసిన స్టీలు పళ్లెం మీద అగ్గిపుల్లతో వెలిగించండి. నూలు కాగితంలా మండి, కాగితం కాలిన వాసన వచ్చి, మెత్తటి బూడిద మిగులుతుంది. పట్టు ముడుచుకుంటూ వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, మిగిలిన నల్లపూస వేళ్లమధ్య పొడవుతుంది. పాలిస్టర్ కరిగి బొట్టులా కారి, చల్లారాక గట్టి పూస అవుతుంది. నలిపినా నలగదు. మండి, కరిగి, బూడిదలో గట్టి పలుకులు మిగిలితే అది నూలు పాలిస్టర్ కలిసిన గుడ్డ. నిలువు దారాలూ అడ్డం దారాలూ వేర్వేరుగా కాల్చి చూడాలి, చాలా చీరల్లో పడుగు ఒకటి, పేక ఒకటి ఉంటాయి.

అమ్మమ్మ పట్టుచీర కోయాలంటే మనసొప్పడం లేదు. ఏం చేయమంటారు?

గుడ్డ గట్టిగా ఉంటే కోయొద్దు. ఫాల్ మార్చి, రోలింగ్ చేయించి కట్టుకోండి. మడతల దగ్గర చీలికలు మొదలైతే మాత్రం దాచినకొద్దీ అవి పెరుగుతాయే తప్ప ఆగవు. అప్పుడు కోయడమే ఆ చీరని నిలబెట్టుకునే దారి. అంచూ కొంగూ సాధారణంగా చీర ఒళ్లుకన్నా, అంటే మధ్యభాగంకన్నా, దిట్టంగా నేస్తారు కాబట్టి ఒళ్లు చీలినా అవి ఇంకా బాగుంటాయి. అంచుని ముప్పావు అంగుళం ఒళ్లు గుడ్డతో సహా కోసి తీసి కొత్త ఓణీకో, సాదా చీరకో వేసుకోవచ్చు. కొంగుతో జాకెట్ వెనకభాగం, చేతులు వస్తాయి.

పాత జరీచీరలు కొంటామని వీధిలోకి వస్తుంటారు. అమ్మేదా, కుట్టుకునేదా?

జరీ ఏ రకమో తెలిశాక మాట్లాడండి. అంచు చివర ఒక పోగు లాగి గోటితో గీరితే, వెండిజరీ తెల్లగా మెరుస్తుంది. లోపల పట్టుపోగు, చాలాసార్లు ఎర్రటిది, కనిపిస్తుంది. గీరినచోట ఎర్రగా రాగిరంగు తేలితే అది రాగిజరీ. సాగుతూ, కాలిస్తే కరిగేది ప్లాస్టిక్ జరీ. వెండిజరీ ఉన్న చీరని ఒక్కరికే చూపించి ఇచ్చెయ్యొద్దు. ఇద్దరు ముగ్గురి దగ్గర ధర అడిగి, మీ ముందే తూకం వేయించుకోండి. రాగిజరీకి, ప్లాస్టిక్ జరీకి వచ్చే డబ్బు తక్కువ. వాటిని కుట్టుకోవడమే మేలు.

స్టీలు సామాన్లవాళ్లకి ఏవి ఇచ్చెయ్యొచ్చు?

సాగిపోయిన బనియన్ గుడ్డ, బురకలు తేలిన పాలిస్టర్, ఎలాస్టిక్ చచ్చిన లెగ్గింగులు. వీటి మీద పెట్టిన శ్రమ దండగ. చిరిగిన నూలు మాత్రం ఇవ్వకండి. ఇంట్లో తుడుపుగుడ్డలకి, బొంత లోపలి పొరలకి దానికి మించింది లేదు. ఇచ్చేముందు గుండీలు, జిప్పులు, హుక్కులు విప్పి డబ్బాలో వేసుకోండి.

## ఉతకడం, మరకలు, రంగు

ఎన్నోసార్లు ఉతికిన చీరే కదా, కోసేముందు మళ్లీ ఉతకాలా?

ఉతకాలి. బీరువాలో మడతపెట్టి ఉన్న గుడ్డలో గంజి, దుమ్ము, చెమట ఉప్పు ఉంటాయి. గంజి ఉన్నప్పుడు గట్టిగా అనిపించిన గుడ్డ ఉతికాక చేతికి మెత్తగా జారిపోతుంది, అసలు బలం అప్పుడే తెలుస్తుంది. నూలు చీరని రాత్రంతా మామూలు నీళ్లలో నానబెట్టి, పొద్దున తేలికపాటి సబ్బుతో ఉతకండి. పట్టుచీర నానబెట్టొద్దు, డ్రైవాష్‌కి ఇవ్వండి.

సముద్రం వైపు ఊళ్లలో బోరునీళ్లు ఉప్పగా, కఠినంగా ఉంటాయి. సబ్బు విరిగి తెల్లటి తెట్టులా గుడ్డకి పడుతుంది. అలాంటిచోట సబ్బు బదులు డిటర్జెంట్ వాడి, చివరి జాడింపు మంచినీళ్లలో చేయండి.

పాత గుడ్డ ఉతికి, దానికి కలిపే కొత్త లైనింగ్ ఉతక్కపోవడమే అన్నిటికన్నా ఎక్కువగా జరిగే తప్పు. చీర కుంచించుకోవడం ఏనాడో అయిపోయింది. కొత్త నూలు లైనింగ్ మొదటి ఉతుకులోనే కుంచించుకుంటుంది. అప్పుడు పైగుడ్డ ముడతలు పడి సంచిలా వేలాడుతుంది.

చేపల పులుసు మరక పోవడం లేదు. ఆ చోటు కోసి పారెయ్యాలా?

పులుసు మరకలో నూనె, పసుపు రెండూ ఉంటాయి. వరస తప్పితే పోదు. ముందు నూనె తియ్యాలి. గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేసి వేలితో రుద్ది, పావుగంట ఆగి గోరువెచ్చటి నీళ్లతో కడగండి. సబ్బు తగలగానే పసుపు ఎర్రబడుతుంది. కంగారుపడొద్దు, క్షారం తగిలితే పసుపు అట్లాగే మారుతుంది. బాగా జాడించి తడిగానే ఎండలో ఆరెయ్యండి. ఎండకి పసుపు రంగు విరుగుతుంది. రెండుమూడు రోజులు తడిపి ఎండబెడితే నూలు మీద చాలావరకు పోతుంది. మరక ఉండగా ఇస్త్రీ పెడితే మాత్రం మొండిదవుతుంది. అయినా మిగిలితే దాని మీద జేబో, బుటా ముక్కో రావడానికి వీలుగా కటింగ్ సర్దుకోండి.

వానలకి బట్టల మీద నల్లచుక్కలు పడ్డాయి. అవి ఉన్నా కుట్టొచ్చా?

మన వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, తుపాన్లతో కలిసి వస్తాయి. సరిగా ఆరని గుడ్డ మడతల్లో బూజు అప్పుడే పడుతుంది. ముందు గుడ్డని ఇంటి బయట దులిపి, ఎండలో వేసి, పొడి బ్రష్షుతో విదిలించండి. తెల్ల నూలైతే నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో రెండు గంటలు ఉంచి ఉతకండి. బ్లీచింగ్ తెల్ల నూలుకి మాత్రమే. పట్టుకి, ఉన్నికి తగిలితే పోగునే తినేస్తుంది. చుక్క పోయినా ఆచోట గుడ్డ నీరసించి ఉండొచ్చు. లాగి చూసి, తేడా ఉంటే ఆ భాగం మోకాళ్లు, చంకలు, నడుము లాంటి ఒత్తిడి పడేచోట రానివ్వకండి.

నల్ల కాటన్ ప్యాంటు తెల్లబడింది. ఇంట్లో రంగు వేసుకోవచ్చా?

నూలైతే వేసుకోవచ్చు, పాలిస్టర్ అయితే ఇంటి పద్ధతుల్లో పట్టదు. నూలుకి చల్లరంగులు, అంటే రియాక్టివ్ రంగులు, నిలబడతాయి. 250 గ్రాముల పొడిగుడ్డకి లెక్క ఇది: నీళ్లు 5 లీటర్లు, నలుపైతే రంగుపొడి 15 నుంచి 20 గ్రాములు, రాళ్లుప్పు 250 గ్రాములు, సోడా యాష్ 100 గ్రాములు.

గుడ్డ తడిపి పెట్టుకోండి. రంగు కొద్ది వెచ్చటి నీళ్లలో గడ్డల్లేకుండా కలిపి, ఉప్పునీళ్లలో పోసి, గుడ్డ వేసి అరగంట తిప్పుతూ ఉండండి. తర్వాత గుడ్డ పక్కకి తీసి, వేరుగా కరిగించిన సోడా ఆ నీళ్లలో కలిపి, గుడ్డ మళ్లీ వేసి గంటసేపు ఉంచండి. పది నిమిషాలకోసారి తిప్పాలి. తిప్పకపోతే మడతల దగ్గర మచ్చలు పడతాయి. చల్లనీళ్లలో జాడించి, చివర వేడి సబ్బునీళ్లలో ఉతకండి. నీళ్లలో రంగు దిగడం ఆగేదాకా జాడించాలి.

స్టీలు గిన్నో, ప్లాస్టిక్ బకెట్టో వాడండి. సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది. పొడి కలిపేటప్పుడు ముక్కుకి గుడ్డ, చేతికి గ్లౌజులు తప్పనిసరి. ఇంకో సంగతి, పాత కుట్లు పాలిస్టర్ దారంతో వేసినవైతే అవి రంగు పట్టవు. నల్ల ప్యాంటు మీద బూడిదరంగు కుట్లు కనిపిస్తాయి. విప్పి కుట్టేదుంటే రంగు ముందే వేసేయండి.

## విప్పడం, కొలవడం, కత్తిరించడం

కుట్లు విప్పుతుంటే గుడ్డే చినుగుతోంది. లాగకుండా ఎట్లా విప్పాలి?

రెండుపక్కలా పట్టుకుని చర్రున లాగడమే కారణం. కుట్టు ఒకవైపు ప్రతి నాలుగో కుట్టునీ కుట్టు విప్పే కొక్కెంతోగాని సన్న బ్లేడుతోగాని తెంపండి. గుడ్డ తిప్పి రెండోవైపు దారం లాగితే ఒకే పొడుగున వచ్చేస్తుంది. ఓవర్‌లాక్ (అంచు దారాలు ఊడకుండా వేసే చుట్టుకుట్టు) అయితే అంచుమీది ఉచ్చులు కోస్తూ పోతే మొత్తం ఊడుతుంది. విప్పాక మార్జిన్ తడిపి ఇస్త్రీ చేయండి. నూలులో సూదిచిల్లులు పూడుతాయి. పట్టులో పూడవు, కాబట్టి పట్టుని బయటికి వదులు చేసేముందు పాతకుట్టు గీత కనిపిస్తుందని తెలిసే చేయాలి. ఫాల్ తీసినచోట, జేబు తీసినచోట రంగు ముదురుగా ఉంటుంది. అది ఉతికితే పోయేది కాదు.

ఒక చీరలో ఎన్ని కుర్తాలు వస్తాయి?

గుడ్డ మొత్తం బాగుంటే రెండు. చీర సాధారణంగా 5.5 మీటర్లు, పన్నా (గుడ్డ వెడల్పు) 46 అంగుళాలు. కుర్తా అడుగున అంచు రావాలంటే కుర్తా పొడవు చీర పన్నాలో తీసుకోవాలి. 42 అంగుళాల కుర్తాకి భుజం కుట్టుతో 43 అంగుళాలు, సరిగ్గా సరిపోతుంది. అడుగున చీర అంచే ఉంది కాబట్టి మడత అక్కర్లేదు. ఛాతీ 38 ఉన్నవాళ్లకి ముందుభాగానికి 26, వెనకభాగానికి 26, చేతులు ఒకదాని కింద ఒకటి పెడితే 17, మొత్తం 69 అంగుళాలు. మెడపట్టీలతో కలిపి రెండు మీటర్లు పెట్టుకోండి. రెండు కుర్తాలకి నాలుగు మీటర్లు పోగా కొంగు మిగులుతుంది.

ఇట్లా కోస్తే బరువు పేక దారాల మీద పడుతుంది. పాతచీరలో పేక నీరసంగా ఉంటే భుజం దగ్గర సాగుతుంది. భుజం కుట్టులో సన్నటి నూలు నాడా కలిపి కుడితే సాగదు. పొడవు 44 దాటితే ఈ పద్ధతి కుదరదు. గుడ్డ నిలువుగా కోసి, అంచు విడిగా కుట్టాలి.

వెంకటగిరి చీర చాలా పలచన. దాంతో ఏం కుట్టొచ్చు?

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు వెంకటగిరి తిరుపతి జిల్లాలోకి, చీరాల బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి. అయినా ఆ రెండు ఊళ్ల నేత లేని బీరువా ఇక్కడ అరుదు. వెంకటగిరి నూలు సన్నపోగు. ఒంటిపట్టున ఉండే జాకెట్‌కో ప్యాంటుకో పెడితే నెలలోనే పిగులుతుంది. వదులుగా ఉండేవే కుట్టాలి: కుచ్చుల టాపు, పాప గౌను, ఓణీ, పైన వేసుకునే తెరిచిన కోటు. మే నెలలో ఒంగోలు ఎండకి ఇంతకన్నా హాయైన గుడ్డ లేదు.

జాందానీ బుటా మధ్యలోంచి కత్తెర పోనివ్వొద్దు. బుటా పోగు విడిగా చేత్తో ఎక్కించింది, కోసినచోట నుంచి ఊడొస్తుంది. కోతగీతకి బుటాకి అర అంగుళం ఎడం ఉండాలి. సూది నంబరు 9 గాని 11 గాని, మార్జిన్ అంచు లోపలికి మడిచి రెండుకుట్లు వేయాలి. ఓవర్‌లాక్ ఈ గుడ్డని నమిలేస్తుంది.

పాతపట్టుచీరతో ఆరేళ్ల పాపకి లంగా కుట్టాలి. ఎదిగినా వేసుకునేట్టు ఎట్లా?

టక్కులు, అంటే తర్వాత విప్పుకునే మడతకుట్లు, పెట్టాలి. నడుము నుంచి చీలమండకి 27 అంగుళాలు ఉన్న పాపకి లెక్క చూడండి. అంగుళం లోతు టక్కు రెండు అంగుళాల గుడ్డ తింటుంది. రెండు టక్కులకి 4, నడుము కుట్టుకి 1, మొత్తం 32 అంగుళాలు. చీర పన్నా 46లో కింది అంచు నుంచి 32 కొలిచి అడ్డంగా కోస్తే, పైన 14 అంగుళాల పట్టీ మిగులుతుంది. పాప జాకెట్ పొడవు 12, కుట్లకి ఒకటిన్నర. ఆ పట్టీలోనే జాకెట్ వచ్చేస్తుంది.

చుట్టుకొలతకి 94 అంగుళాలు తీసుకోండి. ఒక్కో కుచ్చు పైకి అంగుళం కనిపించి, లోపల అంగుళంన్నర మడత ఉంటే, ఒక కుచ్చు 4 అంగుళాలు తింటుంది. 23 కుచ్చులకి 92, పక్కకుట్టుకి 2. నడుము 23 అంగుళాలు వస్తుంది. 21 నడుము పాపకి రెండంగుళాలు ఒకదానిమీద ఒకటి పడి హుక్కు పెట్టేదానికి సరిపోతుంది.

టక్కులు లోపలివైపుకి, అంచు మొదలయ్యే గీతకి ఆనించి వేయండి. రెండేళ్లకి విప్పినప్పుడు పడే ముదురు గీత అంచు గీతలో కలిసిపోతుంది. నడిమధ్యలో వేస్తే అడ్డంగా చార కనిపిస్తుంది. టక్కు కుట్టు పెద్దదిగా, 4 మిల్లీమీటర్లు ఉంచితే తర్వాత విప్పడం సులువు. లైనింగ్ అడుగున కూడా మూడంగుళాల మడత పెట్టండి.

పట్టు కుచ్చుల బరువు నాడాతో ఆగదు, పాప పరిగెడితే జారుతుంది. పాతపంచె గుడ్డతో చేతుల్లేని బాడీ కుట్టి లంగాని దానికి అతికించండి. బరువు భుజాల మీద పడుతుంది, జరీ కూడా ఒంటికి గుచ్చుకోదు.

## కుట్టడం

పాతగుడ్డకి ఏ సూది, ఏ దారం వాడాలి?

పలచటి నూలు, పట్టుకి 11. మామూలు చొక్కాగుడ్డకి 14. జీన్సుకి 16, మడతలు ఎక్కువుంటే 18. టీషర్టు లాంటి సాగేగుడ్డకి మొన గుండ్రంగా ఉండే బాల్‌పాయింట్ సూది, లేకపోతే చిల్లులు పడి అవి పరుగెత్తుతాయి. పాతగుడ్డకి ఎప్పుడూ కొత్తసూదే ఎక్కించండి. మొన వంగిన సూదిని కొత్తగుడ్డ ఓర్చుకుంటుంది గాని, పాతగుడ్డలో అది పోగుల్ని తెంపేస్తుంది.

కుట్టు పొడవు రెండున్నర మిల్లీమీటర్ల చుట్టూ ఉంచండి. దగ్గరదగ్గరగా కుడితే గట్టిగా ఉంటుందనుకుంటారు. పాతగుడ్డలో అది స్టాంపుల కాగితంలా చిల్లుల వరస అయి అక్కడే చిరుగుతుంది. దారం కూడా గుడ్డకన్నా బలంగా ఉండకూడదు. లాగుడు పడితే దారం తెగాలి, గుడ్డ కాదు.

నాన్న చొక్కాతో పాప గౌను కుట్టేదానికి కుదురుతుందా?

40 సైజు చొక్కాలో అయిదేళ్ల పాప గౌను సుఖంగా వస్తుంది. గుండీలు పెట్టి ఉంచే చంక కింద అడ్డంగా కోయండి. కింది భాగం పాప గౌను కుచ్చులవుతుంది. అడుగున చొక్కా వంపు తిరిగి ఉంటుంది కాబట్టి సమం చేస్తే మూడంగుళాలు పోయి సుమారు 16 అంగుళాలు మిగులుతుంది. 14 చాలు. పైభాగంలో గుండీపట్టీ ఉన్న ముక్కతో పాప బాడీ వెనకభాగం, చొక్కా వీపుతో బాడీ ముందుభాగం కోయండి. గుండీలు వెనక్కి వస్తాయి, కొత్తగా కాజాలు వేసే పనే లేదు. కింది కుచ్చుల గుండీపట్టీ కూడా వెనకే వచ్చి, పైదానితో ఒకే గీతలో పడాలి. అది తప్పితే గౌను మెడతిరిగినట్టు కనిపిస్తుంది.

జేబు విప్పాక కింద గుడ్డ ముదురుగా ఉండి, నలుచదరపు మచ్చలా నిలుస్తుంది. జేబు పడిన ముక్క వెనకవైపు వస్తుంది కాబట్టి, ఆ మచ్చని కోతలో పోనివ్వచ్చు, లేదా జేబు విప్పకుండా అట్లాగే వదిలేయొచ్చు.

జీన్సు మోకాళ్ల దగ్గర పోయింది. ఇంట్లో తొక్కుడు మిషన్ మీద కుట్టొచ్చా?

కుట్టొచ్చు, మడతల దగ్గర జాగ్రత్తగా. మోకాలికి పైన కోసి నిక్కరు చేయడం అన్నిటికన్నా తేలిక. ఒకటిన్నర అంగుళం మార్జిన్ వదిలి రెండు మడతలు పెట్టండి. పక్కకుట్టు దగ్గర గుడ్డ ఆరేడు పొరలవుతుంది. ఆ చోట గుడ్డ కప్పి సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే అణుగుతుంది. అక్కడ తొక్కడం ఆపి, చక్రం చేత్తో తిప్పుతూ ఒక్కో కుట్టు దాటించండి. పైన జీన్సు దారం, బాబిన్‌లో మామూలు దారం పెట్టండి. రెండూ మందం దారమే పెడితే ఇంటిమిషన్ ముడులేస్తుంది. జేబు మూలల్లో ఉన్న లోహపు బొడిపెల మీదికి సూది పోనివ్వొద్దు.

స్కర్ట్ కావాలంటే కాళ్ల లోపలికుట్టు విప్పి, ముందూ వెనకా వంపుకుట్టుని జిప్పు కిందిదాకా, వెనక జేబుల కిందిదాకా విప్పి, బల్లమీద పరిచి ఒకదానిమీద ఒకటి చదునుగా కూర్చోబెట్టండి. మధ్యలో పడే త్రికోణపు ఖాళీలో మోకాలి కింది గుడ్డ వేయాలి. వంపు పూర్తిగా విప్పకపోతే ముందు మూతిలా పొడుచుకొస్తుంది.

జాకెట్లన్నీ బిగుతైపోయాయి. మార్జిన్ కూడా లేదు. ఏం చేయాలి?

చంకకింద పట్టీ వేయాలి. నడుము నుంచి చంక మీదుగా చెయ్యి చివరిదాకా ఉన్న పక్కకుట్టు మొత్తం విప్పండి. రెండంగుళాల వెడల్పు పట్టీ కోసి, రెండుపక్కలా అర అంగుళం చొప్పున కుడితే అంగుళం పెరుగుతుంది. రెండువైపులా కలిపి రెండంగుళాలు. చెయ్యి 9, పక్క 7 ఉంటే పట్టీ పొడవు 18 తీసుకోండి. చంకదగ్గర ముక్కలు అతకొద్దు, ఒకే పట్టీ ఉండాలి. కోసిన పట్టీ నిలువు గుడ్డలో ఉండాలి, క్రాస్‌లో, అంటే ఏటవాలుగా, కోస్తే సాగి అలలు పడుతుంది.

అదే రంగు గుడ్డ దొరకదు. నెల్లూరు చిన్నబజారు, ఒంగోలు ట్రంకురోడ్డు మ్యాచింగ్ సెంటర్లకి జాకెట్ తీసుకెళ్లి, దుకాణం బయటి వెలుతురులో పెట్టి చూడండి. దాదాపు కలిసే రంగుకన్నా అంచురంగు పట్టీ వేస్తే కావాలని వేసినట్టుంటుంది.

పట్టు కుట్టుదగ్గర జారిపోతోంది. ఆపొచ్చా?

కుట్టు పడేచోట లోపల సన్న మల్లుగుడ్డ పట్టీ పెట్టి కలిపి కుట్టండి. నీరసించిన ముక్క మొత్తానికైతే పలచటి ఫ్యూజింగ్ (ఇస్త్రీ వేడికి అతుక్కునే జిగురుగుడ్డ) అతికించొచ్చు. ఇస్త్రీ తక్కువ వేడిలో, పైన గుడ్డ కప్పి, రుద్దకుండా అదిమి పట్టాలి. ముందు చిన్న ముక్క మీద చూడండి. జిగురు పైకి కక్కితే ఆ పట్టుకి పనికిరాదు. మార్జిన్ ముప్పావు అంగుళానికి తగ్గొద్దు.

నాన్న పంచెలు చాలా ఉన్నాయి. తెల్లవాటితో ఏం చేసుకోవచ్చు?

వేసవికి పిల్లల జుబ్బాలు, ఆడవాళ్ల కుర్తా లోపలి లైనింగ్, రాత్రిపూట పైజమాలు. ఎనిమిది మూరల పంచెలో చిన్నపిల్లాడి జుబ్బా, పైజమా రెండూ వస్తాయి. రంగు అంచుని చేతుల చివర, జుబ్బా అడుగున వచ్చేట్టు పెట్టండి. చీలిన మడతగీత ముందు కోసేసి, మిగిలిన ముక్కల మీదే కటింగ్ వేయాలి.

చిన్న ముక్కలు బస్తాడు మిగిలాయి. వేసుకునేవి ఏమన్నా అవుతాయా?

బొంత కుట్టినట్టే కుట్టి చేతుల్లేని కోటు చేయొచ్చు. బొంతకి నాలుగైదు పొరలు వేస్తాం గాని మన ఉక్కపోతకి కోటుకి రెండు పొరలే వేయాలి, రెండూ నూలువే. కింద ఒకే పెద్ద పాతచీర ముక్క, పైన చిన్నముక్కలు పరిచి, అర అంగుళానికో వరస చొప్పున చేత్తో పరుగుకుట్టు వేయండి. కుట్టాక గుడ్డ కొద్దిగా ముడుచుకుంటుంది. అందుకే కొలత పెట్టేది కుట్టు అయిపోయాకే. ఇంకా చిన్నవాటిని క్రాస్‌లో ఒకటింపావు అంగుళం పట్టీలుగా కోస్తే మెడకి పైపింగ్ అవుతుంది.

## టైలరు దగ్గర

పాతగుడ్డ అనగానే టైలర్లు వద్దంటున్నారు. ఎట్లా ఒప్పించేది?

వాళ్ల ఇబ్బంది న్యాయమైందే. కుట్లు విప్పేదానికే గంట పడుతుంది, ఆ గంటకి ఎవరూ డబ్బివ్వరు. మధ్యలో గుడ్డ చిరిగితే మాట వాళ్లకొస్తుంది. అందుకని కుట్లు విప్పి, ఉతికి, ఇస్త్రీ చేసి, పోయిన చోట్ల సుద్దగీతలు పెట్టి తీసుకెళ్లండి. "అన్నా, గీత పెట్టినచోట గుడ్డ పోయింది, దాన్ని వదిలేసి కోయండి. చిరిగితే బాధ్యత నాది" అని ముందే చెప్పండి. కొలతకి మీకు సరిపోయిన జాకెట్టో కుర్తానో ఇవ్వండి. దసరా, సంక్రాంతి ముందు, పెళ్లిళ్ల రోజుల్లో వెళ్లొద్దు.

కూలి కొత్తదాని ధరంత అవుతోంది. గిట్టుబాటేనా?

కూలీ, లైనింగూ, దారమూ కలిపి అలాంటి కొత్తదాని ధరలో సగం దాటితే మామూలు గుడ్డకి గిట్టదు. రోజూ కట్టే సింథటిక్ చీరని కుర్తా చేయించడం అట్లాంటిదే. మంచి చేనేతకి, పట్టుకి, దిట్టమైన జీన్సుకి లెక్క వేరు. ఆ గుడ్డ ఇప్పుడు కొనాలంటే కూలికి ఎన్నోరెట్లు పెట్టాలి.

## కుట్టాక

ఇట్లా కుట్టినవి ఎట్లా ఉతకాలి, ఎట్లా దాచాలి?

మొదటి మూడు ఉతుకులు చేత్తో, విడిగా. రెండురకాల గుడ్డలు కలిపినచోట ఒకటి రంగు దిగిందంటే రెండోది పాడవుతుంది. పిండేదానికి మెలితిప్పకుండా తువ్వాల్లో చుట్టి అదమండి. రోహిణికార్తె ఎండలో గంటలో ఆరిపోతాయి, అంతే త్వరగా రంగూ పోతుంది. తిరగేసి నీడన ఆరెయ్యండి.

పట్టువాటిని పాతపంచె గుడ్డలో చుట్టి పెట్టండి, ప్లాస్టిక్ కవర్లో కాదు. కలరా ఉండలు జరీకి తగలకూడదు, విడిగా గుడ్డ మూటలో కట్టాలి. వానలు మొదలవకముందు సెప్టెంబరులో ఒకసారి, తగ్గాక జనవరిలో ఒకసారి అన్నీ బయటికి తీసి గాలికి ఆరేసి, పాత మడత మీద కాకుండా వేరేచోట మడిచి పెట్టండి.